మెదడు స్కాన్‌లో మిల్లీమీటర్ల బేరం

గత సంచికలో మెదడు పెట్ స్కాన్ గురించి రాస్తూ, మామూలు ఆసుపత్రి యంత్రం నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపలేదని ఒక మాట అన్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యం మీదే. కొందరికి ఆశ్చర్యం, కొందరికి అనుమానం, ఒకాయనకైతే నేను యంత్రాలు చేసేవాళ్ల పరువు తీశానన్న బాధ. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఈ స్కానర్ల డిటెక్టర్ల మధ్యనే గడిచింది కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఫోను కెమెరాలోనే కోట్ల పిక్సెళ్లు ఉంటున్నాయి. అంత పెద్ద పెట్ యంత్రంలో డిటెక్టర్లను ఇంకా చిన్నగా చేస్తే సరిపోదా అండీ?
— ఫిజిక్స్ డిగ్రీ విద్యార్థి

సరిపోదు. కెమెరాకు కటకం ఉంది. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్ని వంచి ఒక చోట చేర్చే కటకం మన దగ్గర లేదు. పెట్ నడిచే తీరే వేరు. ఒంట్లోకి ఎక్కించిన ట్రేసర్‌లో, అంటే కొద్దిపాటి రేడియోధార్మికత గల మందులో, ఫ్లోరిన్-18 లాంటి కేంద్రకం ఒక పాజిట్రాన్‌ను (ధనావేశం గల ఎలక్ట్రాన్ అనుకోండి) విడుస్తుంది. అది కణజాలంలో కాస్త దూరం వంకరటింకరగా పోయి, వేగం తగ్గాక ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి అంతరించిపోతుంది. ఆ జంట పోయిన చోటు నుంచి రెండు గామా ఫోటాన్లు ఎదురెదురు దిక్కులకు బయలుదేరతాయి. తల చుట్టూ ఉన్న వలయంలో గామా కిరణం తగిలితే మెరిసే స్ఫటికాలుంటాయి; వాటిలో రెండు కొన్ని నానోసెకన్ల తేడాలో మెరిస్తే, ఆ రెండింటినీ కలిపే గీత మీద ఎక్కడో ఈ సంగతి జరిగిందని నమోదు చేసుకుంటాం. అలాంటి గీతలు కోట్లలో పోగయ్యాక కంప్యూటర్ వాటి నుంచి బొమ్మను కడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 1993లో బర్క్‌లీలోని స్టీఫెన్ డెరెంజో, విలియం మోజెస్, వాళ్ల సహచరులు సరిగ్గా మీ ప్రశ్ననే వేసుకున్నారు: మెదడుకు 2 మిల్లీమీటర్ల లోపు స్పష్టత గల పెట్ కట్టాలంటే ఏమేం అడ్డొస్తాయి? వాళ్లు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మా రంగంలో అందరి నోటా ఉంటుంది. స్ఫటికం వెడల్పులో సగం ఒకటి. పాజిట్రాన్ తిరిగే దూరం ఒకటి. మూడోది, ఆ ఫోటాన్లు కచ్చితంగా 180 డిగ్రీల్లో పోకపోవడం. కలిసే వేళ జంటలో మిగిలిన కొద్దిపాటి కదలిక వల్ల దాదాపు అర డిగ్రీ చెదురు వస్తుంది. వలయం వ్యాసాన్ని 0.0022తో గుణిస్తే అది మిల్లీమీటర్లలో ఎంతో తెలుస్తుంది. నాలుగోది, ఏ స్ఫటికం మెరిసిందో పోల్చుకోవడంలో పొరపాటు. వీటి వర్గాలు కూడి, వర్గమూలం తీసి, బొమ్మ కట్టే పద్ధతి వల్ల కలిసే మసకకు 1.25తో గుణించాలి.

80 సెంటీమీటర్ల వలయం, 4 మిల్లీమీటర్ల స్ఫటికం తీసుకుందాం. స్ఫటికం వాటా 2, వర్గం 4. కోణం వాటా 1.76, వర్గం 3.1. ఫ్లోరిన్-18 పాజిట్రాన్ వాటా అర మిల్లీమీటరు చిల్లర, వర్గం 0.3. పోల్చుకోవడంలో పొరపాటు 1 అనుకుందాం. కూడితే 8.4, మూలం 2.9, గుణిస్తే 3.6 మిల్లీమీటర్లు. ఆసుపత్రిలో బొమ్మలోని గరుకుతనం పోవడానికి దాని మీద నునుపు చేసే వడపోత ఒకటి వేస్తారు. అక్కడికి నాలుగైదు అయిపోతుంది.

మీరు చెప్పినట్టే స్ఫటికాన్ని సగం, అంటే 2 మిల్లీమీటర్లు చేద్దాం. పోల్చుకోవడంలో పొరపాటూ సగమైందని ఉదారంగా ఒప్పుకుందాం. ఇప్పుడు మొత్తం 4.65, ఫలితం 2.7. ఆ రెండూ సగం చేసినా ఫలితం సగానికి రాలేదు చూశారా? వర్గాల కూడికలో పెద్దగొంతు ఉన్నవాడిదే రాజ్యం. ఇక్కడ ఆ గొంతు కోణానిది. దాన్ని తగ్గించే దారి ఒక్కటే, వలయాన్ని తలకు దగ్గరగా తేవడం. 40 సెంటీమీటర్లు చేస్తే కోణం వాటా 0.88కి దిగి, మొత్తం మీద 1.9 వస్తుంది. భుజాలు పట్టనవసరం లేని, తలకు మాత్రమే చేసిన యంత్రాలు అందుకే పుట్టాయి.

పోల్చుకోవడం అన్నాను గదా, దాని సంగతి కాస్త చెప్పాలి. 1980ల చివర్లోనే డెరెంజో బృందం 600 స్ఫటికాల ఒంటి వలయంతో 2.6 మిల్లీమీటర్లు సాధించింది. మరి అది ఊరూరా ఎందుకు రాలేదంటే, ఒక్కో స్ఫటికానికి మెరుపును పసిగట్టే ఒక్కో గొట్టం పెట్టుకుంటూ పోతే ఒక్క పలక మాత్రమే చూడగలిగే యంత్రం వచ్చింది. తల మొత్తానికి అలా కట్టడం అయ్యే పని కాదు. ఇంకోవైపు 1986లో మైఖేల్ కేసీ, రోనాల్డ్ నట్ బ్లాక్ డిటెక్టర్ తెచ్చారు. స్ఫటికపు దిమ్మెను గాట్లు పెట్టి గళ్లుగా చేయడం, వెనక నాలుగు ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు తగిలించడం, వెలుగు ఆ నాలుగింటికీ ఎలా పంచుకుందో చూసి ఏ గడి మెరిసిందో తేల్చడం. లోకంలోని పెట్ యంత్రాలను ఆసుపత్రుల దాకా తెచ్చింది ఈ పొదుపే. ఆ గళ్ల పటాన్ని తెర మీద ఎప్పుడైనా చూడండి. మధ్యలో చుక్కలు విడివిడిగా, వరసగా ఉంటాయి. అంచులకు పోయేకొద్దీ ఒకదాని మీదకు ఒకటి ఎక్కి, మూలల్లో రెండు మూడు కలిసి ఒకే మరకలా కనిపిస్తాయి. స్ఫటికాన్ని సన్నగా కోసేకొద్దీ ఆ మరకలు పెరుగుతాయి. పైగా ఎల్‌ఎస్‌ఓ లాంటి స్ఫటికంలో 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ మొదటి దెబ్బకే మొత్తం శక్తిని వదిలేసేది మూడింట ఒక వంతు సార్లే. మిగతా సార్లు కొంత ఇక్కడ వదిలి, పక్క గడిలోకి ఎగిరిపోతుంది. సన్నటి గళ్లలో ఈ బెడద ఇంకా ఎక్కువ.

ఒక్కో స్ఫటికానికి దాని సొంత సెన్సరే పెట్టాలన్న పాత పట్టుదల ఇప్పుడు మళ్లీ గెలుస్తోంది. కెనడాలో షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయంలో రోజే లకోంట్ బృందం మిల్లీమీటరు పైచిలుకు వెడల్పున్న స్ఫటికాలకు ఒక్కోదానికి ఒక్కో సిలికాన్ ఫోటోడయోడ్ తగిలించి మెదడు స్కానర్ కట్టింది. దాని స్పష్టత దాదాపు 1.25 మిల్లీమీటర్లు. నన్నడిగితే డిటెక్టర్ కట్టేవాళ్ల వైపు నుంచి చూడదగ్గ అందమైన పని అది.

ప్రశ్న: వలయాన్ని తలకు ఆనించేటంత దగ్గరగా ఎందుకు పెట్టరు? లాభమే గదా?
— అదే విద్యార్థి రెండో ఉత్తరం

సగం లాభం. స్ఫటికాలు వెడల్పులో సన్నగా ఉన్నా, పొడవు ఉండాలి. ఎల్‌ఎస్‌ఓలో 20 మిల్లీమీటర్ల పొడవుంటే ఒక ఫోటాన్ చిక్కే అవకాశం 80 శాతం పైన. మనకు జంటలో ఇద్దరూ చిక్కాలి, అంటే మూడింట రెండు వంతులు. పొడవు 10కి తగ్గిస్తే జంటగా చిక్కేది మూడింట ఒక వంతే. అందుకని పొడవు తగ్గించలేం. పొడవాటి స్ఫటికాలను చిన్న వలయంలో పేరిస్తే, మధ్యలో నుంచి వచ్చే ఫోటాన్ నేరుగా పడుతుంది గానీ, పక్క నుంచి వచ్చేది ఏటవాలుగా రెండు మూడు స్ఫటికాలను దాటుకుంటూ ఏదో ఒక లోతులో ఆగుతుంది. ఆ లోతు తెలియకపోతే గీత పక్కకు జరిగిపోతుంది. మెదడు మధ్యలో చక్కటి స్పష్టత, పైన ఉండే పొట్టు (కార్టెక్స్) దగ్గరికి వచ్చేసరికి మసక. మెదడులో మనం ఎక్కువగా చూడాలనుకునేది ఆ పొట్టునే.

2000 ప్రాంతంలో వచ్చిన హెచ్‌ఆర్‌ఆర్‌టీ యంత్రం దీనికి తెలివైన ఉపాయం చేసింది. ఒకదాని మీద ఒకటిగా రెండు పొరల స్ఫటికాలు, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు. మెరుపు ఆరిపోయే వేగం రెండు పొరలకూ వేరు. ఆరిన తీరును బట్టి పై పొరో, కింద పొరో తెలిసిపోతుంది. స్ఫటికాల సంఖ్య 1,19,808. స్పష్టత సుమారు 2.4 మిల్లీమీటర్లు. ఇరవై ఏళ్ల పాటు మెదడు పరిశోధనలో దానికి పోటీ లేదు. ఆ వారసత్వాన్ని ఇప్పుడు అందుకున్నది యేల్, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, యునైటెడ్ ఇమేజింగ్ సంస్థ కలిసి కట్టిన న్యూరోఎక్స్‌ప్లోరర్. అందులోనూ లోతు తెలుసుకునే ఏర్పాటు ఉంది. దాన్ని కట్టినవాళ్లు స్పష్టతతో ఆగకుండా, వలయాన్ని నిలువునా దాదాపు 50 సెంటీమీటర్లకు పెంచారు. అలా ఎందుకన్నది కింద చెబుతాను.

ప్రశ్న: మీరు రాసిన మిల్లీమీటర్ల తేడా మా రోగుల విషయంలో నిజంగా ఏమైనా మారుస్తుందా సార్, లేక ఇంజనీర్ల ముచ్చటేనా?
— న్యూరాలజీ పీజీ చేస్తున్న డాక్టరు

ఇంజనీర్ల ముచ్చట కొంత ఉందిలెండి, కాదనను. కానీ మీ వైపు నుంచి ఒక లెక్క చేసి చూపిస్తాను, మీరే తీర్పు చెప్పండి.

మెదడు పొట్టు మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని చదునైన రేకు అనుకుని, చుట్టూ ట్రేసర్ ఏమీ లేదనుకుందాం. 5 మిల్లీమీటర్ల స్పష్టత గల యంత్రం ఆ రేకు మధ్యలో చూపే విలువ, అసలు విలువలో 44 శాతం. మిగతాదంతా పక్కలకు ఒలికిపోయి కనిపిస్తుంది. 2 మిల్లీమీటర్ల యంత్రమైతే 86 శాతం.

ఇంతవరకూ అయితే, ఏ గుణకంతోనో సవరించుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. వయసు వల్లో, అల్జైమర్స్ వల్లో ఆ పొట్టు 2 మిల్లీమీటర్లకు పలచబడిందనుకోండి. కణాలు గ్లూకోజు వాడుకునే తీరులో మార్పు ఏమీ లేదనే అనుకోండి. 5 మిల్లీమీటర్ల యంత్రం 36 శాతమే చూపుతుంది. 44 నుంచి 36కి, అంటే దాదాపు 18 శాతం పతనం. ఎఫ్‌డీజీ (గ్లూకోజును పోలిన ట్రేసర్) బొమ్మ చూసిన మీరు జీవక్రియ మందగించిందని రాస్తారు. మందగించింది ఏమీ లేదు, పలచబడింది. 2 మిల్లీమీటర్ల యంత్రంలోనూ ఈ మాయ పోదు గానీ, 11 శాతానికి తగ్గుతుంది. ఎమ్మారైతో మందం కొలిచి సవరించే పద్ధతులున్నాయి. అయితే ఆ సవరణలో ఎమ్మారై గీత ఒక్క పిసరు తప్పినా ఆ తప్పు కూడా బొమ్మలోకే వస్తుంది. సవరించాల్సింది ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఇక మెదడు కాండంలోకి దిగితే లోకస్ సెరూలియస్ అని నీలిరంగు కణాల కట్ట ఉంది. మెదడంతటికీ నారడ్రినలిన్ పంపేది అదే. పొడవు సెంటీమీటరున్నర దాకా ఉన్నా, అడ్డంగా చూస్తే రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. అల్జైమర్స్‌లో టౌ ప్రోటీను చాలా ముందుగా కనిపించే చోట్లలో అదొకటి. ఒక వస్తువులోని విలువ నమ్మకంగా చదవాలంటే ఆ వస్తువు యంత్రం స్పష్టతకు కనీసం రెండింతలు ఉండాలని మా లెక్క. దాని ప్రకారం ఈ కట్టను సరిగ్గా చదవాలంటే మిల్లీమీటరు స్థాయి యంత్రం కావాలి. మెదడు లోతుల్లోని ఇతర చిన్న కణాల గుంపులైన రాఫే కేంద్రకాలదీ, హాబెన్యులాదీ ఇదే వరస. ఇప్పటికి ఇవి పరిశోధన ప్రశ్నలే, మీ ఓపీ ప్రశ్నలు కావు. అది మాత్రం ఒప్పుకుంటాను.

ప్రశ్న: ఫ్లైట్ టైమ్ కొలిచే కొత్త యంత్రాల్లో స్పష్టత పెరుగుతుందని సేల్స్‌వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?
— రేడియాలజిస్టు

స్పష్టత పెరగదు, గరుకు తగ్గుతుంది. జంటలో ఏ ఫోటాన్ ముందొచ్చిందో కొలిస్తే గీత మీద చోటు కొంత తెలుస్తుంది. ఇప్పటి మంచి యంత్రాల్లో ఒకటి ఆ తేడాను 214 పికోసెకన్ల కచ్చితత్వంతో కొలుస్తుంది (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). కాంతి వేగంతో గుణించి సగం చేస్తే 3.2 సెంటీమీటర్లు. సెంటీమీటర్లండీ. 10 పికోసెకన్లు కొలవగలిగిన రోజున ఒకటిన్నర మిల్లీమీటర్లు అవుతుంది, అప్పుడు బొమ్మ కట్టే లెక్కలే పెద్దగా అక్కర్లేదు. ఆ లక్ష్యం పెట్టుకుని పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఆ రోజు ఇంకా రాలేదు.

ప్రశ్న: మా దగ్గర రోగులు స్కాన్ సగంలో కదిలిపోతుంటారు. రెండు మిల్లీమీటర్ల యంత్రం వచ్చినా మాకేం ఉపయోగం?
— న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు

అందరి కన్నా మంచి ప్రశ్న మీది. గంటసేపు పడుకున్న మనిషి తల కొన్ని మిల్లీమీటర్లు కదలడం మామూలే. మెడ కండరాలు సడలి గడ్డం మెల్లగా కిందికి వాలుతుంది. రోగి తాను కదల్లేదని ఒట్టేసి చెబుతాడు, అబద్ధమూ కాదు. 5 మిల్లీమీటర్ల యంత్రంలో ఆ కదలిక మసకలో కలిసిపోయేది. 2 మిల్లీమీటర్ల యంత్రంలో అదే పెద్ద మసక.

తలను పట్టీలతో బిగించడం, ముఖానికి అచ్చు పోసి తొడగడం ఉన్నాయి. వయసు మళ్లినవాళ్లకు, మతిమరుపు ఉన్నవాళ్లకు అవి శిక్షే. మెరుగైన దారి, కదలనిచ్చి కొలవడం. వెలుగును తిప్పికొట్టే చిన్న గోళీలున్న పలకను తలకు తగిలిస్తారు, కెమెరా దాన్ని చూస్తూ ఉంటుంది. ఒక్కో గీత నమోదైన క్షణాన తల ఎటు తిరిగి ఉందో తెలుసు కాబట్టి, ఆ గీతనే వెనక్కి తిప్పి సరిచేయవచ్చు. ఇందులో ఒక తమాషా ఉంది. పలకను అతికించేది చర్మానికి, పుర్రెకు కాదు. రోగి కనుబొమ్మలు ఎగరేస్తే నుదుటి చర్మం జరుగుతుంది, పలక దానితో పాటు లేస్తుంది, కంప్యూటర్ మెదడే కదిలిందనుకుని బాగున్న బొమ్మను సరిదిద్ది మరీ పాడు చేస్తుంది. బిగుతైన టోపీ కొంత నయం, కానీ అదీ జారుతుంది. అందుకే గుర్తులేవీ తగిలించకుండా ముఖం ఆకారాన్నే గమనించే కెమెరాల వైపు అందరూ మొగ్గుతున్నారు. న్యూరోఎక్స్‌ప్లోరర్‌లో ఉన్నవి ఆ రకం కెమెరాలే.

కదలికను కచ్చితంగా కొలవగలిగితే ఒక లాభం కూడా ఉంది. తల జరిగిన ప్రతిసారీ గీతలు కొత్త సందుల్లోంచి పోతాయి. స్ఫటికాల మధ్య చూడకుండా వదిలేసిన చోట్లు నిండుతాయి. వెనకటికి ఇదే ఫలితం కోసం డిటెక్టర్లనే చిన్న వృత్తంలో ఊపేవాళ్లు. మీ రోగులు ఉచితంగా చేస్తున్నారు.

ప్రశ్న: రెండు సంస్థల పత్రాలు మా కొనుగోలు కమిటీ ముందున్నాయి. ఒకరు 3.5 అంటున్నారు, మరొకరు 2.9. రెండోదే మంచిదనుకోవచ్చా?
— ఆసుపత్రి కమిటీ సభ్యుడు

తొందరపడకండి. ఆ అంకె ఎక్కడ కొలిచినదో చూడండి. నేమా (అమెరికా విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం) ప్రమాణం ప్రకారం ఒక సన్నటి చుక్కను వలయం మధ్య నుంచి 1, 10, 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి కొలుస్తారు. కరపత్రం మీద వేసేది 1 సెంటీమీటరు దగ్గరిదే. తలకు 1 నుంచి 10 దాకా ఏమవుతుందన్నది ముఖ్యం.

రెండోది, ఏ పద్ధతిలో బొమ్మ కట్టారని అడగండి. యంత్రపు మసకను ముందే కొలిచి లెక్కలో కలిపి వెనక్కి తీసే పద్ధతి ఒకటుంది. గాలిలో పెట్టిన ఒంటరి చుక్క మీద ఆ లెక్కను మళ్లీ మళ్లీ చేసేకొద్దీ అంకె తగ్గుతూనే ఉంటుంది, కావాలంటే ఒకటికి తేవచ్చు. అసలు మెదడు మీద అదే చేస్తే అంచుల వెంట లేని పోటు పుడుతుంది. చిన్న కేంద్రకం విలువ నిజం కన్నా పైకి పోయి, పక్కన లేని గుంట కనిపిస్తుంది. మసకలో తక్కువ చూపడం ఒక తప్పు; ఇది ఎక్కువ చూపించే తప్పు, నా దృష్టిలో ఇంకా ప్రమాదం. రకరకాల లావున్న కడ్డీల ఫాంటమ్ (రోగి బదులు పెట్టే పరీక్ష నమూనా), చుట్టూ కొంత ట్రేసర్ నింపినది, మీ ముందు స్కాన్ చేసి చూపమనండి. మీ రోగులకు ఇచ్చే మోతాదుకు, మీరు పట్టే సమయానికి సరిపడేలాగే చేయాలని పట్టుబట్టండి.

మోతాదు అన్నానంటే కారణం ఉంది. స్పష్టతను మూడు దిక్కులా రెండింతలు చేస్తే ఒక్కో చిన్న గడి ఎనిమిదో వంతు అవుతుంది. అందులో అదే నమ్మకంతో లెక్క తేలాలంటే కనీసం ఎనిమిది రెట్ల గీతలు కావాలి. ఎనిమిది రెట్ల మందు ఎక్కించలేం, ఎనిమిది గంటలు పడుకోబెట్టలేం. అందుకే పైన చెప్పిన ఆ 50 సెంటీమీటర్ల పొడుగాటి వలయం: పారిపోయే ఫోటాన్లను ఎక్కువగా పట్టడానికి. గీతలు చాలనప్పుడు రెండు మిల్లీమీటర్ల యంత్రం బొమ్మ కూడా గరుకై, నునుపు వడపోత వేసి మళ్లీ నాలుగుకు తెచ్చుకోవాల్సి వస్తుంది. కొన్నదంతా వడపోతలో పోసినట్టే.

ప్రశ్న: కృత్రిమ మేధతో మసక బొమ్మను పదునుగా చేయవచ్చు గదా? కొత్త యంత్రం ఎందుకు?
— కంప్యూటర్ ఇంజనీరు

గరుకు తగ్గించడానికి వాడండి, బాగానే పనిచేస్తుంది. కొలవని వివరం పుట్టించడానికైతే వద్దు. వేల మామూలు మెదళ్లను చూసి నేర్చుకున్న ప్రోగ్రాము, ఈ మనిషి మెదడులోనూ మామూలుగా ఉండేదాన్నే గీస్తుంది. మనం స్కాన్ తీసిందే మామూలుగా లేనిదాన్ని వెతకడానికి.

ప్రశ్న: మా అమ్మకు మతిమరుపు పెరుగుతోంది. డాక్టరుగారు ఎఫ్‌డీజీ పెట్ రాశారు. మీ వ్యాసం చదివాక, ఇంకా స్పష్టమైన యంత్రం ఉన్న చోటికి తీసుకెళ్లాలా అని భయం పట్టుకుంది.
— ఒక పాఠకురాలు

వద్దమ్మా. పైన చెప్పిన యంత్రాలు పరిశోధన కోసం. మీ డాక్టరుగారు చూడబోయేది మెదడులో ఏ ప్రాంతాలు గ్లూకోజు తక్కువ వాడుతున్నాయి, ఆ తీరు ఏ జబ్బును పోలి ఉంది అని. అవి సెంటీమీటర్ల వెడల్పున్న ప్రాంతాలు. దగ్గర్లోని మామూలు యంత్రం చాలు. అమ్మగారికి మధుమేహం ఉంటే ఆ సంగతి స్కాన్ కేంద్రంవాళ్లకు ముందే చెప్పండి, మందుల వేళలు వాళ్లనే అడగండి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడి మెదడులోకి పోనివ్వదు. బొమ్మకు దానివల్ల జరిగే నష్టం మా మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ.